మా అక్క తెచ్చిన ఎలక్షన్లు

మా ఊర్లో పంచాయతీ ఎలక్షన్లు గవర్నమెంటు పెట్టకముందే మా అక్క కుళ్ళాయమ్మ పెట్టేసింది. అక్కంటే నా తోడబుట్టినది కాదు, తోడికోడలు. నోట్లో నాలుక లేని మనిషని ఊరంతా అనుకునేది. రొద్దం నుంచి వచ్చే బస్సు మా స్టాపు దాటిపోతున్నా ఆపమని కేక వేయలేక, పక్క ఊర్లో దిగి తలమీద మూటతో నడిచొచ్చేది. అలాంటి మనిషి ఒక పోలీసాయనను, ఒక ఊరిని కలిపి ఒక్క అబద్ధానికి కట్టేసిందంటే ఇప్పటికీ నమ్మనివాళ్లున్నారు. నమ్మకపోతే మానె, నేను కళ్లారా చూశాను.

నా భర్త ధనుంజయ పోయినేడు చనిపోయాడు. ధర్మవరంలో బంధువుల పెండ్లికి పోయి అన్నదమ్ములిద్దరూ బండిమీద వస్తుంటే, చెన్నేకొత్తపల్లి దగ్గర హైవేమీద వెనకనుంచి లారీ కొట్టింది. వెనక కూర్చున్న ఆయన అక్కడే పోయాడు. బండి తోలిన మా బావ ఆంజనప్పకు మోచెయ్యి గీసుకుపోయింది, అంతే. ఆ 'అంతే'నే మా బావను తినేసింది. 'తమ్మునికి ప్రాణం పోతే నాకు తోలు పోయింది' అని అక్కతో ఒక్కసారి అన్నాడట. ఆ తర్వాత మాటలే తగ్గించేశాడు. ఒకే ఇంట్లో ఉంటూ నా మొహం చూడ్డం మానేశాడు. నేను వాకిట్లోకొస్తే ఆయన పెరట్లోకి పోయేవాడు. నాకు దేవుడిమీద కోపం, లారీమీద కోపం, ఆ ఎండల్లో పెండ్లి పెట్టుకున్నవాళ్లమీద కూడా కోపం. బావమీద మాత్రం రాలేదు. ఆ సంగతి చెబుదామంటే మనిషి దొరికితే కదా.

మా ఇంట్లో ఒక తుపాకీ ఉండేది. మా మామ కాలంనాటిది, పంట కాపలాకని లైసెన్సు ఇచ్చింది. శనక్కాయ చేలమీద అడవి పందులు పడ్డాయంటే తెల్లారేసరికి మడక దున్నినట్టుంటుంది మరి. బావ దాన్ని గాల్లోకి తప్ప దేనిమీదా పేల్చింది లేదు. ఎలక్షన్ల కోడ్ వచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులన్నీ పోలీస్ స్టేషన్లో అప్పజెప్పాలి. మండలంలో అందరికంటే ముందు తీసుకుపోయి ఇచ్చేది మా బావే. రూలంటే రూలే అనేవాడు. మేం చాటుగా నవ్వుకునేవాళ్లం.

కాయంతా పీకేశాం, చేలు బోడిగా ఉన్నాయి. అప్పుడొక మధ్యాహ్నం బావ తుపాకీ బయటికి తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఎందుకని అక్క అడిగితే పందులొస్తున్నాయన్నాడట. అక్క నేరుగా నా దగ్గరికొచ్చింది. చేతికి పిండి అలాగే ఉంది.

"చేన్లో ఏముండాదని వస్తాయి పద్మా పందులు?" అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు. అక్కే ఒక్కొక్కటీ చెప్పింది. బావ తన వాచీ తీసి అల్లుడికిచ్చేశాడు. ఏ చేను ఎవరికి గుత్తకివ్వాలో, ఏ మోటారు ఎలా వేయాలో అక్కను కూర్చోబెట్టి చెప్పాడు. పడుకుంటున్నాడే గానీ నిద్రపోవడం లేదు. ఇవన్నీ విడివిడిగా నేనూ చూశాను. అక్క మాత్రం వాటిని కూడబెట్టి చూసింది.

అక్క పోయి సలహా అడిగితే మా పెద్దత్త వరస కౌసల్యమ్మ, అలాంటి మాట ఎత్తనే కూడదు, అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చెప్పింది. పెద్దామె మాటకు ఏనాడూ ఎదురు చెప్పని మా అక్క సరేనని తలూపి ఇంటికొచ్చి, సంగటి తింటున్న మొగుడి ఎదురుగా కూర్చుని అడిగేసింది.

"ఏమయ్యా, సచ్చిపోదామని ఉండాదా నీకు?"

నేను గడపదగ్గర నిలబడిపోయాను. బస్సు ఆపమని అడగలేని మనిషి ఆ మాట అడిగింది. బావ చెయ్యి కంచంలోనే ఆగింది. పిచ్చిపిచ్చిగా మాట్లాడొద్దని లేచి చెయ్యి కడుక్కుని పోయాడు.

"లేదు అనలే పద్మా. ఆ మాట అనలే," అంది అక్క.

ఆ సాయంత్రమే ఇంట్లో ఉన్న పురుగుమందు డబ్బాలన్నీ కౌసల్యమ్మ వాళ్ల కొట్టంలో పెట్టించి తాళం వేయించింది. ఇక తుపాకీ. ఎక్కడో ఒకచోట దాచేద్దామన్నాను నేను. నా తెలివి అంతవరకే. దాస్తే వెతుకుతాడు, వెతికితే దొరుకుతుంది, దొరక్కపోతే లైసెన్సు తుపాకీ పోగొట్టాడని ఆయనమీదే కేసవుతుంది అంది అక్క. ఆయన తలొంచేది రూలుకు ఒక్కదానికే, కాబట్టి రూలే పోయి అడగాలంది.

మర్నాడు పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని మండలం స్టేషన్‌కు పోయింది. అక్కడ హెడ్ కానిస్టేబుల్ తిప్పన్న మాకు ముఖపరిచయం, తుపాకులు అప్పజెప్పించుకునేది ఆయనే. అక్క చెంగు భుజంచుట్టూ కప్పుకుని, ఇంటాయనకు ప్రాణంమీద ఆశ పోతోందని, తుపాకీ మీ దగ్గర పెట్టుకోమని ఉన్నదున్నట్టు చెప్పింది. తిప్పన్న టీ గ్లాసు పక్కన పెట్టేశాడు. లైసెన్సున్నవాడు ఎప్పుడైనా తెచ్చి ఇవ్వచ్చనీ, తీసుకుని రసీదు ఇస్తామనీ, కాని ఆయనంతట ఆయన తేవాలి కదా అనీ అన్నాడు. ఎలక్షన్లు వచ్చాయని మీరొక్క ఫోన్ చేస్తే తెస్తాడంది అక్క.

తిప్పన్నకు చెమట పట్టింది. రాని ఎలక్షన్లు వచ్చాయని పోలీసువాడు ఎలా చెబుతాడు? నాకు ఒళ్లు మండి, వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెండ్లి చెయ్యమన్నారు, ఒక ప్రాణానికి ఒక్కటి ఆడలేరా అని అడిగేశాను. ఆయన కాసేపు మీసం దువ్వుకున్నాడు.

"వచ్చినాయి అని నేను చెప్పలేనమ్మా. వస్తాండాయి అంటా. అవి ఎప్పుడూ వస్తానే ఉండాయి కదా, అది అబద్ధం కాదు."

ఆ ఒక్క మాట తేడాతో తిప్పన్న ఉద్యోగం నిలబడింది, మా పని జరిగింది. మేం ఇంటికి చేరేలోపే ఫోనొచ్చినట్టుంది. బావ చొక్కా వేసుకుని, తుపాకీ, తూటాలు, లైసెన్సు అన్నీ సర్దుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు. అక్క బస్సు దిగిన కాళ్లతోనే మళ్లీ ఆయనతో బస్సెక్కింది. తిరిగొచ్చాక బావ చెంబెడు నీళ్లు తాగి నడవాలో పడుకుని నిద్రపోయాడు. పగటిపూట అంత గురకపెట్టి పడుకోవడం ఆయనకు అలవాటు లేదు. అక్క పక్కనే కూర్చుని ఈగలు తోలుతూ ఉండిపోయింది.

అబద్ధం ఆడటం సులువే, దాన్ని సాకడమే కష్టం. బావ టీ అంగడికి పోతే ఎవరో ఒకరు ఏం ఎలక్షన్లప్పా అనేస్తారు. అందుకని అక్క ఆ వారమంతా ఇల్లిల్లూ తిరిగింది. ఏం చెప్పిందో అన్నిళ్లల్లో నేను వినలేదు. విన్న ఒకచోట మాత్రం, మా ఇంటాయనను కాపాడుకోవాలి, ఎవరన్నా అడిగితే ఎలక్షన్లు వస్తున్నాయనండి అని చేతులు పట్టుకుంది. మా ఊరు మామూలుగా ఒక మాటమీద నిలబడే ఊరు కాదు. నీళ్ల ట్యాంకరు వస్తే బిందెలతో కొట్టుకునే ఊరు. ఆ ఊరు ఈ ఒక్క విషయంలో నోరు కట్టుకుని నిలబడిందంటే ఇప్పటికీ నా కళ్లల్లో నీళ్లొస్తాయి.

అయితే మనవాళ్లకు ఎలక్షన్లంటే ఒంట్లో రక్తం ఊరికే ఉండదు కదా. నాలుగు రోజులు ఉత్తుత్తిగా మాట్లాడినవాళ్లు ఐదోరోజుకు నిజంగానే మాట్లాడటం మొదలుపెట్టారు. టీ అంగడి దగ్గర రెండు పార్టీలయ్యాయి. పాత సర్పంచి మరిది ఒకాయన హిందూపురం పోయి, చేతులు జోడించిన తన ఫొటోతో ఫ్లెక్సీ కొట్టించుకొచ్చాడు. ఇది ఉత్తిదేనప్పా అని పెద్దమనుషులు చెవిలో చెబితే, ఫ్లెక్సీ ఉత్తిది కాదు కదా, కట్టేద్దాం అన్నాడు. కట్టాడు కూడా.

అప్పుడే అక్క నా నెత్తిన బండ వేసింది. ఈసారి ఆడవాళ్ల రిజర్వేషనట, పద్మ నిలబడుతుందట అని బావతో చెప్పేసింది. నేను ఇంతెత్తున లేచాను. మొగుడు పోయి ఏడాది తిరగని మనిషిని ఓట్లడగడానికి పంపుతావా, నీకు బుద్ధుందా అని అరిచాను. అక్క అరవనిచ్చింది. నా అరుపంతా అయ్యాక చెప్పింది.

"ఆయప్ప నీ మొహం చూడాల పద్మా. నాతో కాదు, నీతో మాట్లాడాల. దానికి నాకు వేరే దావ కనపడలే."

నా దుఃఖాన్ని కూడా పక్కన పెట్టమని అడిగే ధైర్యం ఈమెకు ఎక్కడిది అనుకున్నాను. కోపమూ వచ్చింది, కాళ్లకు మొక్కాలనీ అనిపించింది.

మర్నాడు నేను ముందు, బావ వెనక. ఊరి చివర చేలకు అవతల ఉన్న కొత్త కాలనీకి బయల్దేరాం. ఇంటి కోడలు ఓట్లకు పోతుంటే తోడు పోకపోవడం ఆయనకు మర్యాద కాదు, అక్క లెక్క అదే. సగం దూరం పోయాక బోడి చేను గట్టుమీద ఆయన ఆగిపోయాడు.

"పద్మా, ఎలక్షన్లు లేవని నాకు తెలుసమ్మా," అన్నాడు.

ఎప్పటినుంచి తెలుసు అన్నాను.

"తిప్పన్న ఫోన్ చేసిన పొద్దే. నోటిఫికేషనొస్తే పేపర్లో రాదా?"

"మరి తుపాకీ ఏంటికి ఇచ్చినావు బావా?"

ఆయన గట్టుమీద కూర్చున్నాడు. "అది ఇంట్లో ఉంటే నామింద నాకే నమ్మకం లేకపోయె. తీసుకపోండి అని అడిగేకి సిగ్గాయె. మీ అక్క అడిగిచ్చింది. ఇచ్చేసినా."

నేను కూడా అక్కడే మట్టిలో కూర్చున్నాను. ఇన్నాళ్లుగా చెబుదామనుకున్న మాట అప్పుడు దొరికింది.

"బావా, బండి తోలింది నువ్వు. లారీ తోలింది నువ్వు కాదు. నాకు నీమింద కోపం లేదు. ఆయన పోయినాడు. నువ్వు గూడా పోతే, ఆ ఇంట్లో మేమిద్దరమూ ఒకరి మొహాలు ఒకరం ఎట్ల చూసుకోవాల?"

తమ్ముడి చావులో కూడా ఏడవని మనిషి అక్కడ తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. నేను ఆపమనలేదు, నేనూ ఏడ్చాను. కాలనీవాళ్లు దూరంనుంచి చూసి, ఓట్లకొచ్చినవాళ్లు మధ్యలో కూర్చుని ఏడుస్తున్నారేంటని అనుకునే ఉంటారు.

ఆ వారమే హిందూపురంలో డాక్టరు దగ్గరికి ముగ్గురం కలిసి పోయాం. మందులు, మళ్లీ మళ్లీ పోయి మాట్లాడటం. నెలలు పడుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది, అలాగే పట్టింది. ఒకరోజు బాగుంటే రెండురోజులు బాగుండదు. తుపాకీ స్టేషన్లోనే ఉంది. ఈసారి పంటకు చేనుచుట్టూ సోలార్ కంచె వేశాం.

ఎలక్షన్లు లేవని బావకు మొదటినుంచీ తెలుసన్న సంగతి అక్కకు చాలా రోజులు చెప్పలేదు. చెప్పిన రోజు ఏడుస్తుందనుకున్నాను. అక్క చేతిలో చాట అక్కడే పడేసి, ఊరంతా తిరిగి కాళ్లరగ్గొట్టుకున్నానే, ఒక్క మాట చెప్పకపోయినాడే అని శివాలెత్తిపోయింది. పెండ్లయి వచ్చినప్పటినుంచి ఆమె అరవడం నేను వినడం అదే మొదలు. ఆ ఊపులోనే పశువులకు మేత వేస్తున్న బావ దగ్గరికి పోయింది. నేను వెనకే పరిగెత్తాను.

"ఇప్పుడన్నా చెప్పు. ఇంకా ఉండాదా ఆ ఆలోచన?"

బావ గడ్డిమోపు దించి ఆమెవైపు చూశాడు.

"ఒక్కోపొద్దు వస్తాది. వచ్చిన పొద్దు నీకే మొదట చెప్తా."

అక్క కోపమంతా ఆ మాటతో దిగిపోయింది. సరేనంది. అప్పటినుంచి ఆయన చెబుతున్నాడు. చెప్పిన రోజు మా ఇంట్లో ఎవరమూ చేనికి పోము.