మాస్టారు దిగని రోజు

నేను ఒక చెక్కవేదికను. ఉన్నది జానెడెత్తే. అయినా నామీదకెక్కిన మనిషికి మెడ కాస్త పైకి లేస్తుంది, అదేం చిత్రమో! గోదావరి పక్క ఊళ్ళో డిగ్రీ కాలేజీ కోసం సూరాచారి అనే వడ్రంగి నన్ను మద్దిచెక్కతో చేశాడు. మేకులు దిగ్గొట్టి, తనే ఎక్కి రెండుసార్లు గెంతి, "ఏనుగెక్కినా కదలదండీ" అన్నాడు. ఏనుగైతే రాలేదు గానీ లెక్చరర్లు చాలామందే ఎక్కారు.

వాళ్ళల్లో రాజనీతిశాస్త్రం చెప్పే సుగుణరావు మాస్టారంటే నాకు ప్రాణం. కాంట్రాక్టు ఉద్యోగం, ఏడాదికోసారి పొడిగించాలి. ఆయనకో పద్ధతి ఉండేది. పుస్తకంలో ఉన్నది నామీద నిలబడి చెప్పేవారు. సొంత అభిప్రాయమైతే కిందకి దిగిపోయి, "ఇప్పుడు నేనూ మీలాంటివాణ్ణే. కాదనిపిస్తే లేచి కాదనండి" అనేవారు. కాదనడంలో వీరవేణి అందెవేసిన చెయ్యి. వాళ్ళ నాన్న ఊళ్ళో అధికార పార్టీ నాయకుడు మరి! ఆ పిల్ల లేచిందంటే మాస్టారికి చెమటలు పట్టేవి, ముఖం మాత్రం వెలిగిపోయేది. గంట కొట్టేసరికి ఇద్దరి గొంతులూ బొంగురుపోయేవి. అబ్బ, ఆ రోజులే రోజులు!

ఒకనాడు పంటపొలాల్ని రొయ్యల చెరువులకిచ్చే ప్రభుత్వ ఉత్తర్వు మీద మాట వచ్చింది. "రైతు నోట్లో మట్టి కొట్టడమే ఇది" అనేశారు మాస్టారు. దిగలేదు. పైనుంచి వచ్చిన మాట కదా, పాఠమే అనుకుని పిల్లలంతా నోట్సులో రాసేసుకున్నారు. వీరవేణి నోట్సు తండ్రి కంటపడింది. క్లాసులో రాజకీయాలు నూరిపోస్తున్నాడు, తీసెయ్యండని ఆయన ఫిర్యాదు పెట్టాడు.

ప్రిన్సిపాల్ గారు ఆ తండ్రిని వెంటబెట్టుకుని క్లాసుకే వచ్చి, ఆ మాట పాఠంగా చెప్పారా అని అడిగారు. వీరవేణి లేచింది.

"కిందకి దిగే అన్నారండి. నేనే పొరపాటున రాసుకున్నానండి."

"అలాగైతే గొడవేముంది" అంటూ ప్రిన్సిపాల్ గారు ఫిర్యాదు కాగితం మడవబోయారు.

"లేదండి. ఆవేళ మోకాలు సలుపుతుంటే దిగలేదు. పైనుంచే అనేశాను, తప్పు నాదే" అన్నారు మాస్టారు.

నిజమే. ఆ పాదాలు నామీదే ఉన్నాయి, నాకు తెలీదా? చేతులుంటే ఆయన నోరు మూసేదాన్ని.

"ఎందుకు చెప్పారండీ?" పిల్ల బావురుమంది.

"నా కోసం నువ్వు అబద్ధమాడితే ఇన్నాళ్ళూ నీకు నేను నేర్పిందేంటమ్మా?"

తండ్రి తల దించుకున్నాడు గానీ ఫిర్యాదు వెనక్కి తీసుకోలేదు. ఆ ఏడు కాంట్రాక్టు పొడిగించలేదు.

ఇప్పుడు నేను మెట్లకింద, విరిగిన బెంచీల పక్కన, చెదపురుగులతో కాపురం చేస్తున్నాను. మాస్టారు గుర్తొస్తే గుండె చెరువవుతుంది. ఆయన తరువాత వచ్చినాయన పన్నెండేళ్ళు గైడు చూసి నోట్సు చెప్పారు. మధ్యలో ఆయన ఒక్కసారీ దిగలేదు, ఒక్క పిల్లా లేచి కాదనలేదు. ఆయన మీద ఫిర్యాదన్నదే రాలేదు. ఉత్తమ అధ్యాపకుడని శాలువా కూడా నామీదే నిలబెట్టి కప్పారు.