సితారకు నేర్పిన రెండు మాటలు

నవీన్‌కుమార్ నాకు చేసిన అన్యాయం శంషాబాద్‌లో పది మందికి తెలుసు. తెలిసినా ఎవరూ నోరు తెరవరు. హైవే మీది ఫంక్షన్ హాళ్లలో పెళ్లి ఊరేగింపులన్నీ అతని చేతిలోనే ఉన్నాయి మరి. పెళ్లికొడుకు ఎక్కే బగ్గీ అతనిది, డీజే అతనిది. గుర్రం మాత్రం నాది.

దాని పేరు సితార. తెల్లటి ఆడ గుర్రం. పదకొండేళ్లు మా ఇంట్లో తిరిగింది. ఐదో తరగతిలో బడి మానేసి, గగన్‌పహాడ్‌లో టాంగా తోలే ఘియాసుద్దీన్ చాచా దగ్గర పని నేర్చుకున్నవాడిని నేను. నాకు గుర్రం తప్ప వేరే పని రాదు.

రెండేళ్ల కిందట సితార కళ్ల నుంచి నీరు కారడం మొదలైంది. పశువుల డాక్టరు చుక్కల మందు రాశాడు. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. ఎండాకాలానికి రెండు కళ్లూ పాల రంగుకు తిరిగాయి. మూతి తగిలితే గానీ నీళ్ల తొట్టి ఉందని తెలిసేది కాదు. కళ్లెం లాగితే ఎటు లాగుతున్నానో అర్థం కాక తల విదిలించి, నాలుగు కాళ్లూ పాతేసినట్టు నిలబడేది.

"ఇగ దీన్ని ఎవడు కొన్నా కోతకే కొంటడు" అంది నా భార్య జంగమ్మ. "నువ్వు అమ్మితే నేను మా అమ్మగారింటికి పోత."

"అమ్ముతనని ఎవడన్నడే?"

"నీ మొఖమే అంటున్నది."

చాచా దగ్గరికి పోయాను. ఎనభై దాటాయి, మంచం దిగడు. విషయమంతా విని, "అరే బాలమల్లూ, కండ్లు పోతే పోయినయ్, చెవులున్నయ్ కద" అన్నాడు. "మాట ముందు, తాడు తర్వాత. తాడు ముందు గుంజినవో, అది జిందగీల మాట వినదు."

"ఏం మాట చెప్పాలె చాచా?"

"కోపమొచ్చినా, భయమైనా నీ నోట్లకెల్లి ఒక్క తీరుగ వచ్చే మాట."

నాకు అట్లా వచ్చేవి మా బాపు దున్నేటప్పుడు ఎద్దులతో అన్న మాటలే. ఎడమకు దాపల, కుడికి వలపల. అవి చెప్పగానే చాచాకు దగ్గు వచ్చేంత నవ్వు వచ్చింది. "షాదీ ఘోడీకి ఎద్దు మాటలా. బగ్గీల కూసున్న దూల్హా ఇంటే దిగి ఉరుకుతడు."

మా ఊరి పక్కన అమ్ముడుపోని ప్లాట్ల వెంచర్ ఒకటి ఉంది. రోడ్లు పోసి, రాళ్లు పాతి వదిలేశారు. మూల తర్వాత మూల, అడ్డం వచ్చే మనిషి లేడు. పొద్దున్నే సితారను అక్కడికి తీసుకుపోయేవాడిని. మూల రాకముందే "దాపల" అని, రెండడుగులు ఆగి, అప్పుడు ఎడమ తాడు మెల్లగా లాగేవాడిని. తిరిగితే బెల్లం ముక్క. ఇరవై రోజులు దాపల ఒక్కటే. తర్వాత వలపల. మూడో నెలకు తాడు వదులుగా వేలాడుతుంటే మాటతోనే తిరిగింది. ఆ రోజు ఇంటికి పోగానే జంగమ్మకు రెండుసార్లు చెప్పాను.

ఒక చిక్కు మాత్రం ఉండేది. ఆ వెంచర్ మీదుగానే విమానాలు దిగుతాయి. ఆ మోతలో నా మాట దానికి అందదు కాబట్టి, విమానం వచ్చినప్పుడల్లా ఆపి, పోయాక నడిపేవాడిని. పెద్ద మోత వస్తే కదలకూడదని అది నేర్చుకుంది. నేనే నేర్పాను, నేర్పుతున్నానని తెలియకుండా.

చూపు పోయిందని నవీన్‌కుమార్‌తో చెప్పలేదు. చెబితే పిలిచేవాడు కాదు. డీజే బండిని యాభై గజాలు ముందు పెట్టమని మాత్రం అడిగాను. "చప్పుడంటే జర బెదురుతది" అన్నాను. ఒప్పుకున్నాడు. అట్లా పద్నాలుగు పెళ్లిళ్లు చేశాం.

పదిహేనోది పగటి పెళ్లి. ఊరేగింపు ఆలస్యమైంది. హాలు గేటు ఎడమ చేతి వైపు ఇరవై గజాల్లో ఉందనగా నవీన్‌కుమార్ డీజే బండిని వెనక్కి రప్పించి సితార ముందే నిలబెట్టాడు. వీడియోలో అంతా ఒక్కచోట పడాలట. మోత మొదలుకాగానే సితార ఆగిపోయింది.

"నడుపన్నా, ముహూర్తం దాటుతున్నది" అన్నాడు నవీన్‌కుమార్.

నేను బగ్గీ మీద నుంచి కిందికి వంగి అతని చెవిలో అరిచాను. "డీజే బంద్ చెయ్యి, దానంతట అదే నడుస్తది."

"అందరి గుర్రాలు నడుస్తయ్. నీదొక్కటే మహారాణా?"

డప్పు కొట్టేవాళ్ల దగ్గర కర్ర తీసుకుని దాని తొడ మీద రెండు దెబ్బలు వేశాడు. పదకొండేళ్లలో దాన్ని ఎవరూ కొట్టలేదు. ఒక్క ఎగురు ఎగిరింది. దాపల, దాపల అని అరిచాను. నా మాట నాకే వినబడలేదు. తాడు లాగితే తల విదిలించి కుడికి పోయింది. అటు పైపుల కోసం తవ్విన కాలువ. బగ్గీతో సహా అందులో పడింది. పెళ్లికొడుకు తొడ ఎముక విరిగింది. సితార ముందు కాళ్లు రెండూ పోయాయి.

పశువుల డాక్టరు వచ్చి కాళ్లు చూసి, తర్వాత కనురెప్ప ఎత్తి చూశాడు. "దీనికి చూపు లేదు కదా" అన్నాడు అందరి ముందు. ప్రాణం పోయే సూది వేయడం తప్ప దారి లేదన్నాడు. అప్పటికి డీజే ఆపేశారు. తల నా ఒళ్లో పెట్టుకుని "దాపల" అన్నాను. ఇంకేం అనాలో తోచలేదు. మెడ ఎడమకు తిప్పబోయింది. డాక్టరు గట్టిగా పట్టుకోమన్నాడు.

మూడో రోజు పెద్దమనుషులు కూర్చున్నారు. "గుడ్డి గుర్రమని నాకు చెప్పిండా? ఆయన్నే అడగుండ్రి" అన్నాడు నవీన్‌కుమార్. చెప్పలేదని ఒప్పుకున్నాను. కర్ర సంగతి ఎత్తితే, "అది వదిలెయ్యి మల్లన్నా, పిల్లగాడు దవాఖానల ఉన్నడు" అన్నారు. ఆపరేషన్ ఖర్చు, బగ్గీ ఖర్చు నా మీదే పెట్టారు. ఒప్పుకోకపోతే పెళ్లివారు కేసు పెడతామన్నారు. జంగమ్మ పట్టా పాసుబుక్కు తెచ్చి నా చేతిలో పెట్టింది.

ఆ ఖర్చుల కింద, కందుకూరు దిక్కున మా అమ్మ నా పేరు మీద చేసిన చెలక భూమి పోయింది. ఇరవై మూడు గుంటలు, అర ఎకరం మీద.