కట్టుకున్నవాడు కట్టిన కట్ట

"ముందు నా చొక్కా చెయ్యవోయ్. మెషీను కొనేవాళ్ళు చూడ్డానికొచ్చేది ఇవాళే. నీ యూనిఫాం ఎవడు చూస్తాడు?" అన్నాడు భర్త, అద్దంలో తనను తాను చూసుకుంటూ. ఆమె ఆయన చొక్కాయే ముందు ఇస్త్రీ చేసింది. "తీగలు మెలిపెట్టే చేతికి ఇస్త్రీపెట్టె అంత బరువా!" అని అత్తగారు ఓ చురక పెట్టింది. పెట్టెకన్నా ఆవిడ మాటే వేడి.

ఇద్దరిదీ ఒకే ఫ్యాక్టరీ. సీసాలకు మూతలు బిగించే మెషీన్లు తయారవుతాయక్కడ. ఆయన సూపర్‌వైజరు, ఆమె వైరింగ్ టెక్నీషియన్. మెషీనులోని సర్వో మోటారు చెప్పినంతే తిరగాలి, చెప్పినచోటే ఆగాలి, అచ్చం ఆమె లాగే. అలా ఆగాలంటే మోటారుకు కరెంటు మోసే లావు కేబులు, మోటారు ఎంత తిరిగిందో కబురు తెచ్చే సన్న కేబులు జానెడు ఎడంగా నడవాలి. అంటుకుని నడిస్తే లావుదాని రొదలో సన్నదాని కబురు చెడిపోతుంది. అందుకే సన్నదానికి చుట్టూ లోహపు అల్లికతో షీల్డు, ఆ షీల్డును ఎర్తుకు బిగించే క్లాంపు. పన్నెండేళ్ళుగా ఆమె బిగిస్తోంది, రిపోర్టులో 'వైరింగ్ చేసినవారు' అన్నచోట ఆయన సంతకం పెడుతున్నాడు. ఉత్తమ పనితనానికిచ్చే షీల్డులన్నీ ఆయన టేబులు మీద మెరుస్తుంటే, ఆమెకు దక్కింది కేబులు షీల్డే. అడిగితే "మనిద్దరం వేరా?" అనేవాడు. కేబుళ్ళకున్న జానెడు ఎడం కూడా ఆమెకు లేకపోయింది.

కొనేవాళ్ళు వచ్చారు. స్విచ్ వెయ్యగానే మోటారు చలిజ్వరం వచ్చినట్టు వణికింది. మూతలు గాల్లోకి లేచాయి. ఒకటి వెళ్ళి ఫ్యాక్టరీ యజమాని కళ్ళద్దాలకు తగిలింది.

"ఎవరిదీ వైరింగ్? ఎవరిదైతే వాళ్ళు ఇవాళ్టితో ఇంటికే!"

"మా ఆవిడదేనండీ," అన్నాడు భర్త, నవ్వుతూ. "ఆడవాళ్ళ చెయ్యి కదా, ఏం చేస్తాం."

ఆమె ప్యానెల్లోకి తొంగిచూసింది. నిన్న తను వెళ్ళాక రెండు కేబుళ్ళనూ కలిపి ఎవరో ఒకే కట్టగా కట్టేశారు. క్లాంపు కూడా లేదు. ఫొటోలో ప్యానెల్ నీటుగా పడాలని ఆయన నిన్నంతా నసపెట్టడం గుర్తొచ్చింది. కట్టుకున్నవాడు ఎర్తు తీసేసి ఆమెకే ఎర్తు పెట్టాడు! మెయిన్ ఆపి, మళ్ళీ ఎవరూ స్విచ్ వెయ్యకుండా దానికి తన ఎర్ర తాళం వేసింది. అక్కడి రూలు, ఎవరి తాళం వాళ్ళే తియ్యాలి.

"ఆపేశావుగా, ఇంకేముంటుంది? జరుగు," అంటూ ఆయన లోపలికి చెయ్యి చాచాడు.

నోరు మూసుకుంటే సరిపోతుందని ఒక్క క్షణం అనిపించింది. కానీ అంత త్వరగా తేలిపోతే పగ ఏం తీరుతుంది? చటుక్కున ఆయన మణికట్టు పట్టుకుంది. "ఆపినా మోటారును నడిపే డ్రైవులో కరెంటు నిలవుంటుందండీ. పదిహేను నిమిషాలాగి, మీటరు పెట్టి చూశాకే చెయ్యి పెట్టాలి."

కొనేవాళ్ళ తరఫున వచ్చిన ఇంజనీరమ్మ రిపోర్టు తిరగేసింది. "ఇక్కడ మీ సంతకం ఉందే?" అంది ఆయనతో.

"అదా... సంతకం నాదే గానీ మేడమ్, పని ఎప్పుడూ ఆవిడదే."

"ఎప్పుడూనా?" అన్నాడు యజమాని. "ఎప్పట్నుంచి?"

భర్త చొక్కా కాలరు సర్దుకున్నాడు. "పన్నెండేళ్ళ నుంచీ."

"పన్నెండేళ్ళదీ నాదే," అంది ఆమె. "ఈ కట్ట ఒక్కటీ ఆయనది. సార్‌కి నిన్నటి ఫొటోలు చూపించండి, ఏమండీ."

యజమాని ఆయన చేతిలోంచి ఫోను తీసుకున్నాడు. కట్ట పక్కన ఆయన నవ్వుతూ నిలబడ్డాడు, బొటనవేలు పైకెత్తి.

పదిహేను నిమిషాలు గడిచాక ఆమె మీటరు పెట్టి, సున్నా చూసుకుంది. భర్త ఆమె చెవి దగ్గర గొణిగాడు. "ఇంటి పరువు పోతుందే! నువ్వే సరిచేసెయ్. మిగతాది ఇంట్లో మాట్లాడుకుందాం."

"ఎంతసేపు పడుతుందమ్మా?" యజమాని ఆమెనే అడిగాడు.

"నేనైతే గంట సార్. ఈయనైతే సాయంత్రమవుతుంది." కట్ట కోసే కట్టరు భర్త చేతిలో పెట్టింది. "ఈయనే చేస్తారు. తప్పు చేసిన ప్రతిసారీ నేను చెబుతాను. అందరికీ వినబడేలా."