చెల్లెలి చుట్టూ

లాండ్రీ తలుపులు తీయగానే అక్క ఇస్త్రీ మొదలుపెట్టేది, చెల్లెలు మడతలు పెట్టేది. గుండ్రటి బల్లకు ఆ పక్క ఒకరు, ఈ పక్క ఒకరు, పని చేస్తూనే ఒకరి చుట్టూ ఒకరు తిరుగుతుండేవాళ్లు. కవలలు, పుట్టినప్పటి నుంచీ అంతే. ఇస్త్రీ పెట్టె వైరు చుట్టుకుపోకుండా పైకప్పు నుంచి వేలాడదీసుకున్నారు. బట్టలు తెచ్చినవాళ్లు, "ఉండు, పెద్దావిడ ఇటు రానీ" అనుకుంటూ గుమ్మంలో ఆగేవాళ్లు.

చెల్లెలు బట్టలిచ్చి రావడానికి బయటికెళితే అక్క చుట్టు పెద్దదై, నడక నెమ్మదయ్యేది. పెరట్లోంచి పక్క మంగలి షాపులోకి, అక్కణ్ణుంచి వీధిలోకి. మంగలి కబుర్లు ఆపకుండానే కుర్చీ జరిపి దారిచ్చేవాడు.

ఆ రోజు చెల్లెలు వీధి చివరి లాడ్జికి దుప్పట్లు తీసుకెళ్లింది. వారంగా వానకి నానుతున్న ఆ పాత మేడ, ఒక్కసారిగా కూలింది. ఆ చప్పుడుకి అక్క మంగలి షాపులోంచే పరుగెత్తింది.

దుమ్ములో ఏమీ కనపడటం లేదు. కాసేపటికి ఫైరింజను వాళ్లొచ్చి ముందు గుమ్మం దగ్గర తవ్వడం మొదలుపెట్టారు. అక్క కాళ్లు వాటంతటవే కదిలాయి. కుప్ప వెనక్కి వెళ్లి, విరిగిన ఇటుకల మీద చిన్న చుట్టు తిరగసాగాయి.

"పక్కకు రండమ్మా, పడతారు!" అని ఫైరాఫీసరు అరిచాడు.

"నేను తిరగట్లేదయ్యా, లోపలున్న మా చెల్లెలు తిప్పుతోంది!"

జనంలోంచి బడిలో సైన్సు చెప్పే టీచరమ్మ ముందుకొచ్చింది. "ఆవిణ్ణి ఆపకండి సార్. ఆకాశంలో జంట నక్షత్రాలుంటాయి. ఒక్కోసారి రెండోది కంటికి కనపడదు. కనపడేదాని నడకని బట్టే అదెక్కడుందో పోల్చుకుంటారు. ఆవిడ దేని చుట్టూ తిరుగుతోందో, అక్కడ తవ్వించండి."

ఆఫీసరు తన హెల్మెట్ తీసి ఆ చుట్టుకి నడిమధ్యన పెట్టాడు. అతని మనుషులు ఇటొచ్చి రాళ్లు తీయడం మొదలుపెట్టారు.

"తిప్పు తల్లీ, ఆపకు" అని గొణుక్కుంటూ అక్క తిరుగుతూనే ఉంది. ఒకచోట అడుగు తడబడి ఆగింది. అందరి చేతులూ ఆగిపోయాయి. కాలు మళ్లీ కదిలింది. పారలు మళ్లీ పడ్డాయి.

మెట్ల కింది సందులో, దుప్పట్ల మూట చాటున, చెల్లెలు ముడుచుకుని ఉంది. ఒళ్లంతా సున్నం. బయటికి తెచ్చి స్ట్రెచర్ మీద పడుకోబెట్టేసరికి అక్క ఆమె చుట్టూ గిరగిరా తిరిగేస్తోంది, ఏడుస్తూ.

చెల్లెలు సగం కళ్లు తెరిచింది. "కాస్త నెమ్మదే అక్కా, నాకు కళ్లు తిరుగుతున్నాయి."

అక్కకి ఏడుపులోనే నవ్వొచ్చింది. ఆఫీసరు అటు తిరిగి ముఖం తుడుచుకున్నాడు.

ఒక కాలు విరిగింది, అంతే. ఆసుపత్రిలో కట్టు కట్టి, గోడవారగా ఉన్న మంచం మీద పడుకోబెట్టారు. అక్క సగం చుట్టు తిరిగి, గోడకి తగిలి, వెనక్కొచ్చి, మళ్లీ తగిలింది. మందులు తెచ్చిన నర్సు అది చూసి ట్రే పక్కన పెట్టింది. మంచం కాళ్లకున్న చక్రాల బ్రేకు తీసి, చెల్లెల్ని కుదపకుండా, గది మధ్యకి లాగింది.

"ఇప్పుడు తిరగండమ్మా, తాపీగా."