బోర్డు మీద మూడు ఖాళీలు

ఆఫీసర్ల బదిలీల జాబితా పేపర్లో పడిందంటే అందరూ ఎవరొచ్చారు, ఎవరు పోయారు అని చూస్తారు. నేను మాత్రం ఇంట్లో తెల్ల ఎనామిల్ ఎంత మిగిలిందో చూసుకుంటాను. నాది బోర్డులు రాసే పని. దుకాణాలవాళ్లంతా ఫ్లెక్సీలకి ఎగబడ్డాక నాకు మిగిలినవి సర్కారు ఆఫీసుల్లో పెద్ద కుర్చీ వెనక వేలాడే చెక్క బోర్డులే. వాటి మీద మూడే గడులు: పేరు, నుంచి, వరకు. కొత్త ఆఫీసరు లోపల అడుగుపెట్టేసరికి ఆయన పేరు బోర్డెక్కి ఉండాలి, పాతాయన 'వరకు' గడి నిండి ఉండాలి. ఇంతే నా ఉద్యోగం.

మంచినీళ్ల ఆఫీసు బోర్డు కూడా నేనే రాస్తాను. దాన్ని చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. ఆ ఆఫీసులో మా అక్క సూపరింటెండెంటు. ఇరవై ఏళ్ల వయసులో టైపిస్టుగా చేరింది. ఒక ఆఫీసరు వెళ్లిపోయి ఇంకొకడు వచ్చేలోగా ఆ బరువు మోయడానికి ఎవరో ఒకరు కావాలి కదా, 'ఇన్‌ఛార్జి' అని ఒక కాగితం ముక్క అక్క చేతిలో పెడతారు. ఒకసారి అయిదు నెలలు, ఒకసారి ఏడాది, ఒకసారి ఏడు నెలలు. ఇప్పుడు నాలుగోసారి, తొమ్మిది నెలలు. పెద్ద గొట్టం పగిలి సగం ఊరికి నీళ్లు ఆగిపోయిన వేసవిలో నాలుగు రోజులు బురదలో నిలబడి అతుకు వేయించింది అక్కే. వారం తిరక్కుండా వచ్చిన కొత్త ఆఫీసరు సభ పెట్టించుకుని చప్పట్లు కొట్టించుకున్నాడు. నేను వెళ్లి ఆయన పేరు బోర్డు మీద రాశాను. ఇన్‌ఛార్జిల పేర్లు రాయరు మరి.

అక్క కూడా తక్కువది కాదు. ఇన్‌ఛార్జిగా ఉన్నన్నాళ్లూ ఆ పెద్ద కుర్చీలో ఒక్కసారి కూర్చున్న పాపాన పోలేదు. తన చెక్క కుర్చీ లాక్కొచ్చుకుని బల్లకి ఓ పక్కన వేసుకుని సంతకాలు పెట్టేది. అడిగితే, "అది నాది కాదురా" అనేది. రూలంటే అంత పట్టింపు. ఎవరు ఏం అడిగినా, "సర్క్యులర్ ఏదీ, చూపించు" అంటుంది. ఆఫీసులో చాటుగా ఆమె పేరు సర్క్యులరమ్మ. మా ఆవిడైతే, "మీ అక్కకి రెండోసారి కాఫీ పొయ్యాలన్నా సర్క్యులర్ కావాలి" అని అక్క ఎదుటే అంటుంది. అక్క నవ్వేస్తుంది. కాఫీ మాత్రం తాగుతుంది.

నాకు అక్కలా నిగ్రహం లేదు. మొదటిసారి అయిదు నెలల ఇన్‌ఛార్జి అయ్యాక కొత్తాయన పేరు రాయడానికి వెళ్లినప్పుడు, సుద్ద పూసిన దారం పట్టి గీత కొట్టబోయి ఆగిపోయాను. పైనున్న ఆయన 'వరకు'కీ కిందున్న ఆయన 'నుంచి'కీ మధ్య అయిదు నెలలున్నాయి. వాటికి చోటుండొద్దా? ఒక పేరు పట్టేంత ఖాళీ వదిలి కింద రాశాను. తర్వాత రెండుసార్లూ అంతే. ఆ బోర్డు మీద మూడు చోట్ల వరస తప్పినట్టు కనిపిస్తుంది. అక్క చూసి, "ఇన్నేళ్ల నుంచి రాస్తున్నావు, నీకు వరసలు సమంగా కొట్టడం రాదేమిట్రా? తమ్ముడివని పని ఇప్పించానని నన్నంటారు" అని చివాట్లు పెట్టేది. నేను తలొంచుకుని పడేవాణ్ని. కారణం చెబితే చెరిపించేస్తుందని తెలుసు.

అక్క రిటైర్‌మెంటుకి ఇంకా పద్దెనిమిది రోజులున్నాయనగా శనివారం సాయంత్రం ఆ ఆఫీసు అటెండరు మా ఇంటికి పరిగెత్తుకొచ్చాడు. వాణ్ని అందరూ రేడియో అంటారు. కట్టేసినా ఆగదు.

"జాబితా వచ్చేసింది! మొదటి పేరు అక్కగారిదే. నా కళ్లతో చూశాను. ఈసారి ఇన్‌ఛార్జి కాదు, అసలు ఆఫీసరే!"

"అక్కకి తెలుసా?"

"ఇంకా చెప్పలేదు. సోమవారం పొద్దున కాగితం చేతికొస్తుంది కదా."

నా కాళ్లు నేల మీద నిలవలేదు. బావకి మాత్రం ఫోన్లో చెప్పాను. ఆయన అప్పటికప్పుడు బజారుకెళ్లి అక్కకి కొత్త పెన్ను కొన్నాడు. ఎందుకో మాత్రం చెప్పలేదు. ఆదివారం కాపలావాడితో తలుపు తీయించి, చివరి ఆఫీసరు పేరు కింద గీత కొట్టాను. ఈసారి ఖాళీ వదలక్కర్లేదు అనుకున్నాను. ఆఫీసు పెయింటు కాకుండా మా ఇంటినుంచి తెచ్చిన మంచి డబ్బా విప్పి, సన్న బ్రష్షుతో అక్క పేరు రాశాను. 'నుంచి' గడిలో సోమవారం తేదీ వేశాను. రాస్తుంటే కళ్లు మసకేసి, తుడుచుకుని మళ్లీ రాయాల్సి వచ్చింది. మా అమ్మా నాన్నా ఉంటే తీసుకొచ్చి చూపించేవాణ్ని.

సోమవారం తొమ్మిదింటికి అక్క ఫోను.

"ఆఫీసుకి రా. టర్పెంటైన్ తీసుకురా."

అంతే, పెట్టేసింది. టర్పెంటైన్ అంటే రాసిన పెయింటు తుడిచేయడానికే.

వెళ్లేసరికి హాల్లో గుమాస్తాలంతా తలలు ఫైళ్లలో దూర్చేశారు. రేడియో నీళ్ల కుండీ వెనక నక్కి నిలబడ్డాడు. వాడు చూసింది పోస్టుకి పరిశీలించమని పైకి పంపిన పేర్ల జాబితా. అక్క పేరు మొదట ఉన్నమాట నిజమే. ఆర్డరు మాత్రం మూడో పేరు మీద వచ్చింది. ఎవరో వేరే ఊరి కుర్రాఫీసరు, పదకొండింటికి వచ్చి చేరతాడు.

అక్క ఆఫీసరు గదిలో బోర్డు ముందు నిలబడి ఉంది. నేను తలుపు దగ్గరే ఆగిపోయాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"అక్షరాలు బాగా కుదిరాయిరా" అంది.

నాకు ఏడుపొచ్చినంత పనయింది.

"నేను తుడవను అక్కా. కావాలంటే వాళ్లనే తుడుచుకోమను."

"వాళ్లెవరు? ఆ వచ్చే అబ్బాయికి ఏం తెలుసు పాపం? మొదటి రోజు లోపలికి రాగానే తన కుర్చీ వెనక ఇంకొకరి పేరు చూడాలా? ఎక్కు."

"అక్కా..."

"పదహారు రోజుల్లో పోయేదాన్ని. నలుగురి నోళ్లలో పడి పోమంటావా? ఎక్కు, స్టూలు నేను పట్టుకుంటాను."

ఎక్కాను. నిన్న రాసిన ఎనామిల్ పైపైన ఆరింది. గుడ్డ తడిపి గట్టిగా రుద్దితే పైవాడి పేరుకి కూడా మరక అంటుతుంది. అందుకని 'నుంచి' గడిలో తేదీ దగ్గర మొదలుపెట్టాను. నిజం చెప్పాలంటే పేరు మీద చెయ్యి వెయ్యడానికి మనసొప్పలేదు.

ఈలోగా బల్ల మీద ఫోను మోగింది. అక్క ఒక చేత్తో స్టూలు పట్టుకుని రెండో చేత్తో ఎత్తింది. "బడి వెనక వీధికా? నీళ్లు రాకపోవడం కాదు, మొన్న వాల్వు సగమే తిప్పి ఉంటారు. మలుపు దగ్గర మూత తీసి రెండు చుట్లు తిప్పించు. అరగంటలో మళ్లీ ఫోన్ చెయ్యి." పెట్టేసి మళ్లీ రెండు చేతులతో స్టూలు పట్టుకుంది.

"ఎక్కడి వాల్వో చూడకుండానే చెప్పారే" అన్నారెవరో.

గుమ్మంలో భుజాన సంచీతో ఒకతను నిలబడి ఉన్నాడు. ముప్పై అయిదేళ్లుంటాయేమో. అరగంట ముందే వచ్చేశాడు. చేతిలో గుడ్డతో స్టూలెక్కి నేను, కింద స్టూలు పట్టుకుని అక్క, సగం చెరిగిన తేదీ. తల కొట్టేసినట్టయింది.

అక్క తడబడలేదు. "రండి సార్. పొరపాటు జరిగింది. వీడు నా తమ్ముడే, తప్పుడు కబురు విని నా పేరు రాసేశాడు. పది నిమిషాల్లో తుడిపించి మీ పేరు రాయిస్తాను. ఈలోగా ఛార్జ్ కాగితం చూడండి."

బావ కొన్న కొత్త పెన్నుతో 'అప్పగించినవారు' అన్నచోట అప్పటికే సంతకం పెట్టి ఉంచింది. అతను నిలబడే కాగితం చదివాడు. తర్వాత బోర్డు చదివాడు. మళ్లీ కాగితం చూశాడు.

"మేడం, మీరు ఎన్నాళ్లుగా చూస్తున్నారు ఇక్కడ?"

"తొమ్మిది నెలలు సార్."

"ఈ బోర్డు ప్రకారం తొమ్మిది నెలలుగా ఇక్కడ ఎవరూ లేరు. మరి నాకు ఛార్జ్ ఎవరిస్తున్నట్టు?"

"ఇన్‌ఛార్జిల పేర్లు రాయకూడదు సార్."

"అలాగా? నాకు తెలీదు. సర్క్యులర్ ఉందా?"

హాల్లో ఎవరో దగ్గారు. రేడియో కుండీ వెనకనుంచి ఇవతలికొచ్చాడు. అక్క బీరువా వైపు చూసింది. ఆ బీరువాలో ఏ కాగితం ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని చెప్పగల మనిషి. జీవితమంతా అందరినీ సర్క్యులర్ అడిగింది కానీ, ఈ ఒక్కదానికి తనను తాను అడగలేదు.

"లేదు సార్" అంది చిన్న గొంతుతో. "రాయరు. అంతే."

"లేకపోతే ఎందుకు తుడవడం?" అతను నా వైపు తిరిగాడు. "తేదీ సరిచెయ్యండి. తొమ్మిది నెలల కిందటి తేదీ వెయ్యండి. 'వరకు' దగ్గర ఇవాళ్టిది. దాని కింద నా పేరు."

అలా అనేసి సంచీ దించుకుని, ఇంకా బోర్డునే చూస్తున్నాడు. "పైన అక్కడక్కడా వరసలు ఎడంగా ఉన్నాయేం? మూడు చోట్ల?"

"వీడికి సమంగా కొట్టడం..." అని మొదలుపెట్టింది అక్క. ఆగింది. మొదటి ఖాళీ పైనున్న 'వరకు' చదివింది, కిందున్న 'నుంచి' చదివింది. పెదాలు కదిలాయి, నెలలు లెక్కపెట్టుకుంటోంది. రెండో ఖాళీ. మూడోది. నేను బ్రష్షు కడుగుతున్నట్టు నటించాను.

"ఒరే" అంది. నా చొక్కా కొస పట్టుకుంది. చిన్నప్పుడు రోడ్డు దాటించేటప్పుడు అలాగే పట్టుకునేది. "ఇన్నేళ్లూ తిట్టించుకున్నావురా!"

నేను బ్రష్షు గుడ్డతో తుడుచుకున్నాను.

కొత్తాయనకి ఏం అర్థమైందో కానీ, పెద్ద కుర్చీ జోలికి పోకుండా అక్క కుర్చీ పక్కన ఇంకో చెక్క కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అక్క కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. రెండు చేతులతో స్టూలు గట్టిగా పట్టుకుని, తలెత్తి నన్నడిగింది.

"డబ్బాలో పెయింటు ఎంతుందిరా?"