పక్క అరలోని కణాలు

నేను కోపిష్టిదాన్నని మా ల్యాబులో అందరికీ తెలుసు. తెలిసి కూడా ఆ మనిషి నాకు టీ తెప్పించి, ఎదురుగా కూర్చోబెట్టి, "కాస్త నెమ్మదించమ్మా" అన్నాడు. నెమ్మదించడమా? నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ మనిషి మా ల్యాబు పెద్ద. కాలేయ క్యాన్సర్ కణాలు చుట్టుపక్కల కణజాలంలోకి ఎలా చొరబడతాయో తేల్చడం మా పని. చిన్న ప్లాస్టిక్ గిన్నె, దాని అడుగున సన్నని చిల్లులున్న పొర, పొర మీద జెల్లీ. పైన కణాలు పోస్తాం, కింద వాటికి తిండి పెడతాం. తిండి కోసం కణం జెల్లీని కరిగించుకుంటూ కిందికి దూరుతుంది. మేం కనిపెట్టిన మందు వేస్తే ఆ దూరడం ఆగిపోయింది. ఎన్నిసార్లు చేసినా ఆగింది. ఇంకేం, పేపర్లు, సన్మానాలు, రోడ్డుకి అవతలున్న ఆసుపత్రిలో రోగుల మీద ట్రయల్.

ఆ ట్రయల్‌కి ఎంపికైనవాళ్ళలో మా బావ ఒకడు. అక్క మొగుడు, బస్సులు బాగుచేసే మెకానిక్కు. కాలేయంలో గడ్డ. "లోపల ఒకడు అద్దె కట్టకుండా దిగాడు మరదలా, నువ్వే ఖాళీ చేయించాలి" అని ఆసుపత్రి మంచం మీద కూడా వేళాకోళమే. వాడుతున్న మాత్రలతో ఆ గడ్డ పెరక్కుండా నిలకడగా ఉంది. కానీ కొత్త మందు మొదలుపెట్టాలంటే ముందు కొన్ని వారాలు ఆ మాత్రలు పూర్తిగా మానెయ్యాలి. అది ట్రయల్ నియమం. బావ జంకాడు. అప్పుడు మా పెద్దాయన పనిగట్టుకుని ఇంటికొచ్చి, బావ చెయ్యి పట్టుకుని, "నా చేతుల మీద పుట్టిన మందు బాబూ, ధైర్యంగా మానెయ్" అన్నాడు. బావ ఆ రోజే మానేశాడు.

ఆ తర్వాత ఒకసారి ఫ్రీజర్ అడుగునుంచి అవే కాలేయ కణాలున్న పాత సీసా ఒకటి తీశాను. కొత్తగా చేరినవాళ్ళకి పని నేర్పడానికి, అంతే. మందు వేశాను. ఆగలేదు. జెల్లీ దాటి కింద గుంపులు గుంపులుగా కనిపించాయి. నేనే ఎక్కడో తప్పు చేశాననుకుని మళ్ళీ చేశాను. మళ్ళీ అదే తంతు. అనుమానమొచ్చి ఆ పాతవీ, మేం రోజూ వాడేవీ డీఎన్ఏ పరీక్షకి పంపాను. ఈ రోజు ఉదయం కబురొచ్చింది. పాతవి కాలేయానివే. మేం ఏళ్ళ తరబడి వాడుతున్నవి మాత్రం పక్క అరలో పెంచే గర్భాశయ క్యాన్సర్ కణాలు. అవి విపరీతంగా పెరిగే రకం. ఒక్క చుక్కతో నాలుగు వచ్చి పడినా చాలు, నెలలు తిరిగేసరికి అసలువాటిని తొక్కేసి గిన్నె మొత్తం ఆక్రమించేస్తాయి.

ఆ చుక్క ఎలా పడిందో కనిపెట్టడానికి పరిశోధన అక్కర్లేదు. ఒక్కో రకం కణాలకి ఒక్కో సీసా ద్రావణం. ఒక రకాన్ని అరలో పెట్టేశాకే ఇంకోదాన్ని బయటికి తియ్యాలి. మొదటిరోజు నేర్పే పాఠం ఇది. మాకు నేర్పింది ఆయనే. ఆయన మాత్రం రెండు రకాలూ పక్కపక్కనే పెట్టుకుని, ఒకే సీసాలోంచి, ఒకే గొట్టంతో అటూ ఇటూ పోసేవాడు. "నాది చెయ్యి తిరిగిన పని, రూల్సు మీకు" అని నవ్వేవాడు. మేమూ సిగ్గులేకుండా ఇకిలించేవాళ్ళం. సారుకి అడ్డుచెప్పే మొనగాడెవడు?

ఇదంతా గుక్కతిప్పుకోకుండా చెప్పేశాను. ఆయన ఆశ్చర్యపోలేదు.

"మీకు ముందే తెలుసా సార్?"

"వేసవిలో ఒక పాత స్నేహితుడు మన కణాల్ని పరీక్ష చేసి చెప్పాడు. నాకు నమ్మకం కుదరలేదు."

"వేసవిలోనా! మా బావ మాత్రలు మానేసింది వానలు మొదలయ్యాక!"

"అరవకమ్మా. వచ్చే నెల బయటి నిపుణులు తనిఖీకి వస్తున్నారు, అది గడవనీ. అయినా కాలేయం మీద పనిచెయ్యదని ఎవరన్నారు?"

"నా గిన్నె అంది సార్. రెండుసార్లు అంది. ట్రయల్ డాక్టరుకి చెప్పారా?"

"చెప్తాను. సమయం చూసుకుని."

"అక్కడ మనిషి మందూ మాకూ లేకుండా కూర్చున్నాడు! లోపలున్నది మీ సమయం కోసం ఆగుతుందా?"

ఆయన ఎదుటే ఫోను తీసి డాక్టరుకి కలిపాను. "మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?" అన్నాను. ఆయన కిటికీ వైపు తిరిగాడు. నేనే చెప్పాను. డాక్టరు వెంటనే, "ట్రయల్ ఇప్పుడే ఆపేస్తున్నాను. మీ బావగారిని ఇవాళే పాత మాత్రలు వేసుకోమనండి. రేపు స్కానింగ్‌కి తీసుకురండి. ఈలోపు ఎంత పాకిందో చూశాకే ఏమైనా చెప్పగలను" అన్నాడు.

"నీ ఉద్యోగం సంగతి ఆలోచించుకున్నావా?" అన్నాడు పెద్దాయన వెనకనుంచి. ఉద్యోగం మట్టిగొట్టుకుపోనీ అని తలుపు ధడాలున వేసి వచ్చేశాను.

ఇంటికెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. అక్క చేతిలో ఉన్న తువ్వాలు విసిరికొట్టింది. "కూర్చోబెట్టి మర్యాద చేశానే వాడికి! నా చేత్తో వడ్డించానే!" అని ఏడ్చింది, తిట్టింది, ఏడుస్తూనే బీరువాలోంచి మాత్రలు వెతికి తెచ్చింది.

బావ వేళాకోళం ఆడలేదు. మాత్రలు మింగి గ్లాసు కింద పెట్టాడు.

"ఆయనకి ఎప్పుడు తెలుసు?"

"నీ చెయ్యి పట్టుకోకముందే, బావా."

"ఫోను కలుపు."

కలిపాను. చాలాసేపు మోగాక ఎత్తాడు.

"సార్, నేను. బ్రేకులు పడవని తెలిసీ బస్సు రోడ్డెక్కిస్తే నన్ను జైల్లో పెడతారు. మీకు తెలిసీ నన్నెలా ఎక్కించారు?"

ఆయన ఫోను పెట్టేశాడు.

"మళ్ళీ కలుపు!" అని అరిచాడు బావ. బావ గొంతు అంతలా లేవడం నేనెప్పుడూ వినలేదు. అక్క భుజం మీద చెయ్యి వేస్తే విదిలించుకున్నాడు.

కలిపాను. ఎత్తలేదు.

"ఎత్తేదాకా చెయ్యి. నేనున్నన్నాళ్ళూ నేనడుగుతా. తర్వాత నువ్వడుగు."

మళ్ళీ కలిపాను.