నీళ్ల పళ్లెం ఎండిన మూడు రోజులు

పెద్దాయన క్యాన్సర్‌ని జయించిన మూడు రోజులూ సీసాలమ్మాయి సెలవులో ఉంది. తన పాపకి జ్వరం. ఆ సంగతి ప్రయోగశాలని నడిపే పెద్దాయనకి తెలియదు. ప్రయోగశాలలో సీసాలు కడిగే మనిషి వచ్చిందా రాలేదా అన్నది, మురికి సీసాలు కుప్పపడితే తప్ప అక్కడ ఎవరికీ గుర్తుకు రాదు.

ఆమె పని పెద్దగా చెప్పుకోవాల్సిందేమీ కాదు. సీసాలు కడగాలి. వాడేసిన ప్లేట్లని బ్లీచింగ్ నీళ్లలో ముంచి పారెయ్యాలి. ఇంక్యుబేటర్ అని కణాల్ని వెచ్చగా ఉంచే అలమర ఉంది, దాని అడుగు అరలో ఒక స్టీలు పళ్లెం ఉంటుంది, అందులో పొద్దునా సాయంత్రమూ నీళ్లు పొయ్యాలి. తగ్గనివ్వొద్దని చేరిన రోజే చెప్పారు. ఎందుకు తగ్గకూడదో చెప్పలేదు. పదో తరగతి మధ్యలో బడి మానేసినదానికి కారణాలు చెప్పడం దండగ అనుకున్నారేమో.

పళ్లెం పైన ఉండే అరల్లో ప్లేట్లు. ఒక్కో ప్లేటులో తొంభై ఆరు బుల్లి గుంటలు, ఒక్కో గుంటలో నాలుగు చుక్కల ద్రవం, అందులో క్యాన్సర్ కణాలు. వాటి మీద పెద్దాయన మందు పోస్తారు. మందంటే కంటికి ఆననంత చిన్న బంగారు రేణువులు, వాటి మీద ఒక పూత. పూత లేకపోతే రేణువులు ఒకదానికొకటి అతుక్కుని ముద్దైపోతాయట. పూత ఉంటే నేరుగా క్యాన్సర్ కణంలోకే దూరతాయట. ఈ ‘అట’లు సీసాలమ్మాయివి. పెద్దాయన మాటల్లో ‘అట’ ఉండదు.

పూత రేణువులు పోసే గుంటలన్నీ ప్లేటు అంచున చుట్టూ ఉండాలన్నది ఆయన పెట్టిన పద్ధతి. ఏ మందూ పొయ్యనివి, పూత లేని రేణువులు పోసినవి మధ్యలో ఉండాలి. మూడో రోజు రంగు వేస్తే బతికున్న కణాలు ఊదారంగుకి తిరుగుతాయి, చచ్చినవి వెలవెలబోతాయి. మధ్యలో ఊదా, చుట్టూ తెల్లటి అంచు, అచ్చం పటం కట్టినట్టుంటుంది. సభలో తెర మీద వేస్తే ఆఖరి వరసలో కునుకు తీసేవాడికి కూడా ఒక్క చూపులో అర్థమైపోవాలని ఆయన ముచ్చట. మందు పనిచేస్తుందో లేదో తేలకముందే అది ఫొటోలో బాగా పడుతుందని మాత్రం ఖాయం చేసుకున్నారు.

ఆ మూడు రోజుల్లో అంచు గుంటల్లోని కణాలు నూటికి ఎనభై చచ్చాయి. అంతకుముందు ఎప్పుడూ పాతిక దాటలేదు. వారం తిరగకుండానే పేపర్లో పెద్దాయన ఫొటో వచ్చింది. రెండు చేతుల్లో ప్లేటు, మొహంలో అప్పుడే పుట్టిన బిడ్డని ఎత్తుకున్న తండ్రి నవ్వు. పైన పెద్దక్షరాల్లో ‘క్యాన్సర్‌పై బంగారు తూటా’.

ఆ పేపర్ మంగలి కొట్టులోనో టీకొట్టులోనో ఆగిపోతే బాగుండేది. బావ చేతిలో పడింది.

బావ అంటే అక్క మొగుడు. ఫోన్లు బాగుచేసే కొట్టు నడుపుతాడు. లోకంలో ఏ శాస్త్రమైనా అతనికి రెండు నిమిషాల వీడియో దూరంలోనే ఉంటుంది. అక్కకి రొమ్ములో గడ్డ కనిపించి నెలవుతోంది. ఆసుపత్రిలో ముక్క తీసి పరీక్ష చేసి, క్యాన్సరేననీ, ఇంకా పాకలేదు గనక ఆలస్యం చెయ్యకుండా సోమవారమే మందు ఎక్కించడం మొదలుపెడదామనీ అన్నారు. బావ పేపర్ చదివాడు, ఆసుపత్రికి ఫోన్ చేశాడు, సోమవారాన్ని పై సోమవారానికి జరిపాడు. ఇప్పుడు అదీ వద్దంటున్నాడు. ఆర్నెల్లు ఆగితే బంగారం మందు వస్తుందట, వాంతులుండవట, నేరుగా గడ్డ దగ్గరికే వెళ్లి కొడుతుందట. పైగా మరదలు పనిచేసేది అక్కడే, మొదటి పేరు మనదే రాయించుకోవచ్చట.

అక్క కాదనలేదు. సూదులంటే ఆమెకి చిన్నప్పటి నుంచీ వణుకు. వాయిదా వెయ్యమనే మాట ఎవరు చెప్పినా ఆమెకి తియ్యగానే ఉంటుంది.

ఇందులో తన తప్పు ఎంతుందో సీసాలమ్మాయికి బాగా తెలుసు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, మా దగ్గర క్యాన్సర్‌కి మందు కనిపెడుతున్నారని ఇంటింటా చెప్పుకుని తిరిగింది. ‘మా దగ్గర’ అనేటప్పుడు గొంతు కాస్త పెంచేది కూడా. ఇప్పుడు రోజూ పాపని అక్క దగ్గర దింపేటప్పుడు ఆ మాట గొంతులో ముల్లులా గుచ్చుకుంటోంది. స్నానాల గదిలోకి వెళ్లినప్పుడల్లా తన రొమ్ము తడిమి చూసుకుంటోంది. పాప దగ్గితే పరుగెత్తుకెళ్లి ఒళ్లు పట్టి చూస్తోంది. పై సోమవారానికి ఇంకా ఏడు రోజులున్నాయి.

ఇక్కడ ప్రయోగశాలలో మరో తంటా మొదలైంది. ఆమె సెలవు ముగించుకొచ్చినప్పటి నుంచీ ఎన్నిసార్లు చేసినా ఎనభై రావడం లేదు. పద్దెనిమిది, ఇరవై, ఒకసారైతే పదిహేను. పెద్దాయన ముందు పూత సరిగా పట్టలేదన్నారు. తర్వాత బంగారం నాసిరకమన్నారు. ఆ తర్వాత కరెంటుని తిట్టారు. చివరికి, ప్రయోగాలు చేసే కళ్లజోడమ్మాయి చేతులు వణుకుతున్నాయన్నారు. తన పటం మీద మాత్రం ఆయనకి ఆవగింజంత అనుమానం కూడా రాలేదు.

ఆ సోమవారం ప్లేట్లని ముంచుతుంటే సీసాలమ్మాయి చెయ్యి ఆగిపోయింది. గుంటలన్నిటిలో ద్రవం సమానంగా ఉంది. సెలవు నుంచి వచ్చిన రోజున ముంచిన ప్లేట్లు ఇలా లేవు. అంచు గుంటల్లో ద్రవం సగానికి దిగి, చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. ఆ రోజు స్టీలు పళ్లెం కూడా ఎండిపోయి ఉంది, మూడు రోజులు ఒక్కరూ చుక్క పొయ్యలేదని మనసులోనే అందరినీ కడిగేసింది. పళ్లెం ఎండితే అలమరలో గాలి ఎండుతుంది. గాలి ఎండితే ముందు అంచునున్న గుంటలే ఆరతాయి. ఆరిన చోట ఉప్పు చిక్కబడుతుంది. అందులో ఏ కణం మాత్రం బతుకుతుంది?

ఇంతమంది చదువుకున్నవాళ్లు పప్పులో కాలేస్తారా అని కాసేపు తన్నే తాను తిట్టుకుంది. తర్వాత వెళ్లి కళ్లజోడమ్మాయికి చెప్పింది.

ఆ అమ్మాయి నవ్వబోయి ఆగింది. కళ్లజోడు తీసి తుడుచుకుంది. మళ్లీ పెట్టుకుంది.

“ఇంకెవరికైనా చెప్పావా?”

“ఎవరికి చెప్పను మేడం? నా మాట పాప కూడా వినదు.”

“తప్పు నీది కాదు. మొదటి సంవత్సరంలోనే మాకు నేర్పిస్తారు, అంచు గుంటల్ని నమ్మొద్దని. సార్ పటం చూసీ చూసీ అందరం మర్చిపోయాం.”

మంగళవారం నాడు ఆ అమ్మాయి ఎవరికీ చెప్పకుండా రెండు ప్లేట్లు పెట్టింది. ఒక దాంట్లో మందు చుక్క కూడా వెయ్యలేదు, అన్నీ ఉత్త కణాలే. దాన్ని పళ్లెం ఎండబెట్టిన ఇంక్యుబేటర్‌లో ఉంచింది. రెండో దాంట్లో పూత రేణువుల్ని అక్కడక్కడా కలిపి పోసి, నీళ్లు నిండుగా ఉన్న పక్క ఇంక్యుబేటర్‌లో ఉంచింది. శుక్రవారం రంగు వేశారు. మందే లేని ప్లేటులో మధ్యలో ఊదా, చుట్టూ తెల్లటి అంచు. పెద్దాయన పేపర్లో ఎత్తుకున్న బిడ్డే, పోలిక కూడా చెడలేదు. రెండో ప్లేటులో పూత రేణువులు నూటికి పన్నెండు కణాల్ని చంపాయి.

“ఏదో కొంచెం ఉంది,” అంది కళ్లజోడమ్మాయి. “అది నిజంగా మందో కాదో తేలడానికే ఏళ్లు పడుతుంది.”

ఆ సాయంత్రం సీసాలమ్మాయి రెండు ప్లేట్ల ఫొటోలూ ఫోన్లో పట్టుకుని అక్క ఇంటికి వెళ్లింది. బావకి పూసగుచ్చినట్టు చెప్పింది. బావ ఫొటోని వేళ్లతో పెద్దది చేసి చూసి, వెలుతురు సరిగా లేదన్నాడు. పళ్లెంలో నీళ్లు ఎండితే క్యాన్సర్ చావడమేమిటని పగలబడి నవ్వాడు. అంత పెద్ద శాస్త్రవేత్తకి తెలియనిది సీసాలు కడిగేదానికి తెలిసిందా అన్నాడు. రేపే తను వచ్చి ఆయనతో స్వయంగా మాట్లాడతానన్నాడు. పాప చొక్కాకి గుండీ కుడుతున్న అక్క తలెత్తలేదు.

శనివారం బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఒక చేతిలో అక్క ఫైలు, ఇంకో చేతిలో మడతపెట్టిన పేపర్‌తో వచ్చాడు. అప్పటికే కళ్లజోడమ్మాయి రెండు ప్లేట్లనీ పెద్దాయన బల్ల మీద పెట్టింది. వాటిని చూసిన ఆయన ఈ సంగతి గది దాటకూడదని మాత్రం అన్నారట. ఆ గదిలోకే బావ వెళ్లాడు. వెనకే సీసాలమ్మాయి వెళ్లి తలుపు దగ్గర నిలబడింది.

బావ కాస్త వంగి, మా ఆవిడ పేరు రాసుకోండి, ఆర్నెల్లైనా ఆగుతామన్నాడు. పెద్దాయన కుర్చీలో అటూ ఇటూ కదిలారు. ఫలితాలు ఆశాజనకంగా ఉన్నాయన్నారు, పరిశోధన వేగంగా సాగుతోందన్నారు, భవిష్యత్తులో చాలా అవకాశాలున్నాయన్నారు. అన్నీ మాటలే గాని, ఆగండి అనలేదు, వద్దు అనలేదు. బావ మాత్రం ప్రతి ముక్కకీ తలాడిస్తున్నాడు. అలా తలాడిస్తూనే వీడు అక్కని చంపేస్తాడని ఆమెకి అర్థమైంది. ఉద్యోగం పోతే పాపకి పాలెలా అన్న భయం కూడా అప్పుడే తన్నుకొచ్చింది. అయినా నోరు విప్పింది.

“సార్, మీ ఇంట్లో మనిషైతే ఆగమంటారా?”

పెద్దాయన ఆమె వైపు చూశారు. ఆమె చేరిన రెండేళ్లలో ఆయన తన మొహం చూడటం అదే మొదటిసారి.

“అది వేరే విషయం,” అన్నారు.

“వేరే ఏం లేదు సార్. అదే గడ్డ. సోమవారం రమ్మన్నారు. వెళ్లమంటారా, ఆగమంటారా?”

పెన్ను మూత తీశారు, పెట్టారు. బల్ల మీది ప్లేట్ల వైపు చూసి చూపు తిప్పుకున్నారు.

“ఆసుపత్రిలో చెప్పినట్టు చెయ్యండి,” అన్నారు చివరికి. “మేమింకా ఎలుకల మీద పరీక్షల దాకా కూడా రాలేదు.”

బావ చేతిలో పేపర్ విప్పి ఫొటో చూశాడు, ఎదురుగా ఉన్న మొహం చూశాడు. రెండూ ఒకరివేనా అన్నట్టు మళ్లీ చూశాడు.

“మరి ఇందులో తూటా అని...”

“పేపర్ వాళ్లకి ఆత్రం ఎక్కువండీ.”

మెట్లు దిగేటప్పుడు బావ పేపర్‌ని నాలుగు మడతలు పెట్టి ఫైలులో దూర్చాడు. గేటు దాటాక, సోమవారం ఎన్నింటికి రమ్మన్నారని అడిగాడు. ఎనిమిదింటికని చెప్పింది. ఏడున్నరకే వెళ్దామన్నాడు, తనే మొదట్నుంచీ తొందరపెడుతున్న మనిషిలా.

ఆమె ఉద్యోగం పోలేదు. తీసెయ్యాలంటే కారణం రాయాలి, ఆ కారణం రాసే ధైర్యం పెద్దాయనకి లేదు.

సోమవారం నర్సు పేరు పిలిచేసరికి అక్క కన్నా ముందు బావ లేచాడు. ఎక్కించే మందు ఏ రకమో, అది ఎంత వేగంతో వెళ్లాలో, తను ఎక్కడ ఏ వీడియోలో ఏం చూశాడో నర్సుకి చెప్పడం మొదలుపెట్టాడు. నర్సు వినీ విననట్టు సూదుల పాకెట్టు చించుతోంది. ఒళ్లో ఉన్న పాపని అక్క చెల్లెలి చేతికి అందించింది.

“నువ్వు బయట కూర్చో,” అంది మొగుడితో. “ఇప్పటికే వారం పైన నీ మాట విన్నాను.”

చొక్కా చెయ్యి పైకి మడుచుకుంటూ, కళ్లు గట్టిగా మూసుకుని, నర్సు భుజం పట్టుకుని లోపలికి నడిచింది.